క్రాబీలో లాంగ్‌టెయిల్ బోటు మీద స్నార్కెలింగ్: ఈత రానివాడు వెళ్లొచ్చా? (అత్తగారు కూడా వస్తున్నారు)

ఒడ్డునే_ఉంటా

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ వెళ్తున్నాం. క్రాబీలో నాలుగు రాత్రులు, ఆవ్ నాంగ్ బీచ్‌కి దగ్గర్లో హోటల్. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల పాప, మా అత్తగారు. పాప రెండేళ్లుగా ఈత నేర్చుకుంటోంది, మా ఆవిడ పర్లేదు, నేను మాత్రం నడుము లోతు స్విమ్మింగ్ పూల్లో కూడా గోడ వదలని రకం. పైగా కళ్లజోడు, మైనస్ నాలుగు. అత్తగారికి అరవై ఆరు, మోకాళ్ల నొప్పులు, శాకాహారి.

ఒక రోజు గైడ్‌తో ద్వీపాలు తిప్పి స్నార్కెలింగ్ (మాస్క్ పెట్టుకుని, నోట్లో స్నార్కెల్ అనే గొట్టంతో ఊపిరి తీస్తూ, నీళ్ల మీద తేలుతూ కింద చేపల్ని చూడటం) చేయించే ట్రిప్ తీసుకుందామని అనుకుంటున్నాం. చూస్తే వంద రకాలున్నాయి. నాలుగు ద్వీపాలంటాడు, ఏడు ద్వీపాలంటాడు, ఫీ ఫీ అంటాడు, హాంగ్ అంటాడు. ఒకడు ముందు రిబ్బన్లు కట్టిన చెక్క పడవ (లాంగ్‌టెయిల్ అంటే ఇదేనట), ఇంకొకడు స్పీడ్‌బోటు. మా ఆవిడకి చెక్క పడవ ఫొటోలు తెగ నచ్చేశాయి, ఫీ ఫీ దీవుల్లో ఉన్న మాయా బే కూడా చూడాలంటోంది. నాకు అర్థం కానివి: ఈ చెక్క పడవలు సేఫేనా? ఈత రాకుండా లైఫ్ జాకెట్ వేసుకుని నీళ్లలో ముఖం పెట్టొచ్చా, లేక నేను పడవలోనే కూర్చుని సంచులు కాపలా కాయాలా? అత్తగారిని తీసుకెళ్లడం సబబేనా? వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా కాస్త వివరంగా చెప్పండి ప్లీజ్. యూట్యూబ్ చూసి చూసి బుర్ర వేడెక్కింది.

---

ఉప్పునీళ్లు

మూడుసార్లు వెళ్లానండి, రెండుసార్లు లాంగ్‌టెయిల్, ఒకసారి స్పీడ్‌బోటు. నా మాట సూటిగా చెప్తాను: ద్వీపాల లెక్క చూసి టికెట్ కొనకండి. ఏడు ద్వీపాలంటే ఏడు చోట్ల దిగి ఎక్కడం, అందులో రెండు చోట్ల దిగడం కూడా ఉండదు, పక్కనుంచి పోనిచ్చి "ఇదిగో" అంటారు. మీ అత్తగారి మోకాళ్లకి ప్రతి దిగుడూ ఒక పరీక్షే.

మీ నలుగురికీ సరిపోయేది నాలుగు ద్వీపాల ట్రిప్పే. పోడా, చికెన్ ఐలాండ్, టప్, ఆ తర్వాత ఫ్రా నాంగ్ గుహ ఉన్న బీచ్. నిజానికి ఆ నాలుగోది ద్వీపమే కాదు, రైలే అనే చోట అసలు ఒడ్డుకి ఆనుకునే ఉంటుంది. చుట్టూ సున్నపురాతి కొండలు అడ్డం రావడంతో రోడ్డు లేదు, పడవ మీదే వెళ్లాలి కాబట్టి ద్వీపం కింద లెక్కేసేశారు. ఇవన్నీ ఆవ్ నాంగ్‌కి దగ్గర, పోడాకి అరగంట లోపే. అందుకే ఇక్కడికి లాంగ్‌టెయిల్ హాయిగా ఉంటుంది. ఫీ ఫీ మాత్రం లాంగ్‌టెయిల్ మీద వద్దు, ముప్పై అయిదు నలభై కిలోమీటర్లు బయటి సముద్రంలో ఆ శబ్దం, ఆ ఎండ తట్టుకోలేరు. అది స్పీడ్‌బోటు దూరం.

ఇక పడవ సంగతి. వెనక కారు ఇంజినో, చిన్న లారీ ఇంజినో ఒకటి ఊచ మీద బిగించి ఉంటుంది, దాని నుంచి మనిషి కన్నా పొడుగు ఇనప కడ్డీ, కడ్డీ చివర రెక్క. ఆ కడ్డీయే తోక. లోతు తగ్గగానే పడవాయన దాన్ని చేత్తో పైకెత్తేస్తాడు, అందుకే ఇసక దాకా రాగలుగుతుంది. ఇక్కడొక జాగ్రత్త: ఆ రెక్కకి చుట్టూ ఏ కప్పూ ఉండదు. నీళ్లలో ఉన్నప్పుడు పడవ వెనక వైపుకి వెళ్లొద్దు, పాపకి ఈ ముక్క ముందే గట్టిగా చెప్పండి. ఎక్కినా దిగినా నిచ్చెన ఉన్న వైపు నుంచే, అదీ ఇంజిన్ ఆపాకే.

శబ్దం మామూలుగా ఉండదు. వెనక కూర్చుంటే చెవులు గింగిర్లెత్తుతాయి, పొగ కూడా కొడుతుంది. ముందు కూర్చుంటే తుంపర్లకి తడిసి ముద్దవుతారు. అత్తగారిని నడిమధ్యలో గుడ్డ పందిరి కింద కూర్చోబెట్టి చెవుల్లో దూది పెట్టండి. ముందు ముక్కుకి రంగు రంగుల గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి కదా, అవి ఫొటో కోసం కావు. పడవని కాపాడే మే యా నాంగ్ అనే దేవతకి కట్టినవి. దాని మీద కాలు వేయడం, ఎక్కి కూర్చోవడం వాళ్లకి నచ్చదు. మన ఇంటి గుమ్మం మీద ఎవరైనా చెప్పులతో నిలబడితే ఎలా ఉంటుందో అలా.

సేఫేనా అంటే, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అండమాన్ సముద్రం ఈ వైపు నెమ్మదిగా ఉంటుంది, ఫిబ్రవరి మంచి నెల. మే నుంచి అక్టోబర్ వరకు వానలు, అలలు, అప్పుడడిగి ఉంటే వేరేలా చెప్పేవాణ్ని. ఎక్కగానే లైఫ్ జాకెట్ ఇస్తారు. ఇచ్చింది సీటు కింద పడేయకుండా వేసుకోండి, పాపకి పిల్లల సైజు ఉందో లేదో బయల్దేరకముందే అడగండి. పెద్దల జాకెట్ పిల్లలకి వేస్తే నీళ్లలో అది పైకి, పిల్ల కిందికి.

ఇంకొక్కటి. నలుగురున్నారు, షేరింగ్ కాకుండా పడవ మొత్తం మీరే మాట్లాడుకోండి. బీచ్‌లోనే పడవల వాళ్ల సంఘం కౌంటర్లుంటాయి, రేట్లు బోర్డు మీద రాసి ఉంటాయి. షేరింగ్‌లో గైడ్ ఇరవై మందిని చూసుకోవాలి, ఈత రానివాడికి అది చాలదు. పడవతో పాటు గైడ్ కూడా కావాలని స్పష్టంగా చెప్పండి, పడవాయన గైడ్ కాదు, ఆయన పడవ వదిలి నీళ్లలోకి రాడు.

---

మీసాలబాబు

పై అన్న చెప్పింది కరెక్టే గానీ స్పీడ్‌బోటుని మరీ తీసిపారేయకండి. నీడ, కుషన్ సీటు, కొన్నిట్లో టాయిలెట్ కూడా ఉంటాయి. లాంగ్‌టెయిల్‌లో టాయిలెట్ అనేదే ఉండదు, పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఆలోచించుకోండి.

అయితే నడుం నొప్పి ఉన్నవాళ్లు స్పీడ్‌బోటులో ముందు కూర్చోకూడదు. మా నాన్నని ఫీ ఫీ ట్రిప్‌లో ముందు సీట్లో కూర్చోబెట్టాను, గాలి బాగా వస్తుందని. అల మీద పడవ లేచి పడ్డప్పుడల్లా ఆయన "అమ్మా" అన్నది నాకింకా వినిపిస్తోంది. ఆ రోజు మా కంపెనీ వాడు ముప్పై ఎనిమిది మందిని ఎక్కించాడు, మాస్కులు మాత్రం ఓ పాతిక ఉన్నాయి. ఒకళ్లు తీసి ఇంకొకళ్లకి, ఆ మూతిలో పెట్టుకునే గొట్టంతో సహా. అడిగితే నవ్వుతాడు. అప్పటి నుంచి మాస్క్, స్నార్కెల్ నావి నేనే తీసుకెళ్తున్నా.

మాస్క్ కొనేటప్పుడు పట్టీ తగిలించుకోకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లోపలికి పీల్చి చెయ్యి వదిలేయండి. అతుక్కుని నిలబడితే మీ ముఖానికి సరిపోయినట్టు. మీకు మీసం ఉంటే మాత్రం ముక్కు కింద సన్నగా ఒక గీత మేర తీసేయాలి, లేకపోతే అక్కణ్ణుంచే నీళ్లు కారతాయి. నేను తీయలేదు. పేరు చూశారుగా. ప్రతి రెండు నిమిషాలకీ నీళ్లు వంపుకుంటూ గడిపాను.

---

గట్టుమీద_అక్క

నేనూ ఈత రాని దాన్నే, అందుకే ఇది రాస్తున్నా. ఇలాంటి చోట "ఏం భయం లేదు, జాకెట్ ఉంటుందిగా" అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు. జాకెట్ ఉంటే మునగరు, నిజమే. కానీ మునగకపోవడం వేరు, భయపడకపోవడం వేరు.

నాకేం జరిగిందో చెప్తాను. చికెన్ ఐలాండ్ దగ్గర పడవ ఆపారు, లోతు ఓ అయిదు మీటర్లు ఉంటుందేమో, అడుగు కనిపిస్తూనే ఉంది. అందరూ దబదబా దూకేశారు, నేను నిచ్చెన దిగి ముఖం నీళ్లలో పెట్టాను. చేపల్ని చూడటం కాదు, అసలు ఊపిరే తీసుకోలేకపోయాను. గొట్టం నోట్లో ఉంది, గాలి వస్తోంది, అయినా ముఖానికి నీళ్లు తగలగానే ఒళ్లు దానంతటదే ఊపిరి బిగపట్టేసింది. వదిలాక ఇక ఆయాసం, గబగబా చిన్న చిన్న ఊపిర్లు. ఆ గొట్టంలోంచి అలా పైపైన ఊపిరి తీస్తే వదిలిన పాత గాలే మళ్లీ లోపలికొస్తుంది, ఆయాసం ఇంకా పెరుగుతుంది. ఇంతలో చిన్న అల వచ్చి గొట్టంలో నీళ్లు పోసింది. ఉప్పునీళ్లు గొంతులో దిగాయి. జాకెట్ వదులుగా కట్టుకున్నానేమో గడ్డం దాకా లేచి చెవులు మూసేసింది. మహా అయితే అరనిమిషం. నాకు అరగంట.

గైడ్ కుర్రాడు వచ్చి ఏమీ మాట్లాడకుండా నా చెయ్యి తీసుకెళ్లి నిచ్చెన కమ్మీ మీద పెట్టాడు. మాస్క్ తీయలేదు, పైకి లాగలేదు. వేళ్లతో లెక్క చూపించాడు, నాలుగు అంకెలు లోపలికి, ఆరు అంకెలు బయటికి. కమ్మీ పట్టుకునే ముఖం పెట్టాను, తీశాను, పెట్టాను. నాలుగోసారికో అయిదోసారికో ఊపిరి కుదిరింది. అప్పుడు తాడు కట్టిన తెల్లటి రింగు ఒకటి తెచ్చి దాన్ని పట్టుకోమని, తను లాక్కుంటూ వెళ్లాడు. నేను కాళ్లు కూడా ఆడించలేదు. రింగు మీద చేతులు, నీళ్లలో ముఖం, కింద ఊరేగింపులా చేపలు.

అందుకని నా సలహా, హోటల్ పూల్‌లో ముందు రెండు రోజులు మాస్క్ పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ముఖం ముంచి ఊపిరి తీయడం అలవాటు చేసుకోండి. ఈత అక్కర్లేదు, ఈ ఒక్కటే. గొట్టంలో నీళ్లు వస్తే నోటితో "టూ" అని గట్టిగా ఊదాలి, ఒక్క ఊదుకి పోతాయి, ఇది కూడా పూల్‌లోనే ప్రాక్టీసు చేయండి. జాకెట్ బెల్టులు బిగించి, భుజాల దగ్గర పట్టుకుని ఎవరినైనా పైకి లాగమనండి, చెవుల దాకా లేస్తే ఇంకా బిగించాలి. మొదటిసారి నిలబడగలిగే లోతులో, ఇసక ఒడ్డు నుంచి మొదలుపెట్టండి, పోడాలో అలాంటి చోటు ఉంది.

ముఖమంతా కప్పే మాస్క్ ఉంటుంది చూడండి, ముక్కుతో కూడా ఊపిరి తీసుకోవచ్చు అని అమ్ముతారు, మనలాంటి భయస్తులకి అదే మంచిదనిపిస్తుంది. నేను వద్దంటాను. లోపల నీళ్లొచ్చినా ఊపిరి ఆడకపోయినా గొట్టాన్ని ఉమ్మేసినట్టు దాన్ని ఉమ్మేయలేరు, మొత్తం పీక్కోవాలి. పైగా నాసిరకం వాటిలో వదిలిన గాలి సరిగ్గా బయటికి పోదు.

గుండె జబ్బు, బీపీ, ఆస్తమా లాంటివి ఉంటే మాత్రం ముందు డాక్టర్ని అడగండి, ఇది మొహమాటపడే విషయం కాదు. అత్తగారి విషయంలో ముఖ్యంగా.

---

ఒడ్డునే_ఉంటా

అక్కా, మీరు రాసింది చదువుతుంటే నాకే ఊపిరి బిగిసింది. కానీ ఇలా చెప్పేవాళ్లే కావాలి. పూల్ ప్రాక్టీసు ఖాయం.

రెండు డౌట్లు. కళ్లజోడు సంగతి ఏం చేయాలి? అలాగే అక్కడ సముద్రం మధ్యలో ఇసక దారి తేలుతుందట, ద్వీపం నుంచి ద్వీపానికి నడిచి వెళ్లొచ్చట, మా ఆవిడ ఆ ఫొటో కోసమే వస్తున్నట్టుంది. అది ఏ రోజైనా కనిపిస్తుందా?

---

పగడాల_పిచ్చి

ఇసక దారి గురించి నేను చెప్తా, స్కూబా చేస్తాను, ఆటుపోట్ల లెక్కలు అలవాటే. దాని పేరు తలే వేక్, చీలిన సముద్రం అని అర్థం. టప్, మో, చికెన్ ద్వీపాల మధ్య ఆటు సమయంలో నీళ్లు దిగిపోయి ఇసక బయటపడుతుంది. రోజూ ఒకేలా ఉండదు. పౌర్ణమికీ అమావాస్యకీ అటూ ఇటూ నాలుగు రోజులు నీళ్లు బాగా కిందికి దిగుతాయి, అప్పుడు పొడి కాళ్లతో నడవచ్చు. అష్టమి నవమి రోజుల్లో పోటుకీ ఆటుకీ తేడా తక్కువ, దారి నీళ్లలోనే ఉండిపోతుంది. టైమ్ కూడా రోజుకి ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది, కాబట్టి "ఉదయం పదికి కనిపిస్తుంది" అని ఎవరైనా రాస్తే అది వాళ్లు వెళ్లిన రోజు మాట. క్రాబీ ఆటుపోట్ల పట్టిక నెట్‌లో దొరుకుతుంది, క్యాలెండర్‌తో కలిపి చూసుకోండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది, టూర్ అమ్మేవాళ్లు చెప్పరు. పౌర్ణమి అమావాస్యలకి నీళ్లు ఎక్కువ కదులుతాయి కాబట్టి అడుగున ఉన్న మట్టీ ఇసకా లేచి నీళ్లు మసకబారతాయి, ప్రవాహం కూడా లాగుతుంది. స్నార్కెలింగ్‌కి తేటగా ఉండేది అష్టమి నవమి అప్పుడే. అంటే మీ ఆవిడ ఫొటో, మీ చేపలు, రెండూ ఒకే రోజు పూర్తిగా దొరకవు. ఇంట్లో తేల్చుకోండి :) ఈత రాకపోతే ప్రవాహం తక్కువున్న రోజే నా ఓటు.

కళ్లజోడు మీద మాస్క్ కూర్చోదు, పక్క పుల్లల దగ్గర నీళ్లు కారిపోతాయి. పవర్ అద్దాలు బిగించిన మాస్కులు దొరుకుతాయి, మైనస్ నాలుగు మామూలు నంబరే, రెండు కళ్లకీ ఒకే పవర్ అయితే రెడీమేడ్‌గానే దొరుకుతుంది. లేదంటే ఒక్కరోజు వాడి పారేసే కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని పైన మాస్క్. మాస్క్‌లోకి నీళ్లొస్తే కళ్లు మూసుకోండి, లేకపోతే లెన్సు సముద్రుడికి సమర్పయామి. నీళ్ల నుంచి బయటికి రాగానే అవి పారేయండి, అదే జతతో సాయంత్రం తిరగొద్దు, కంటికి ఇన్ఫెక్షన్ వస్తుంది. ఇంకో చిన్న సంగతి, నీళ్లలో వస్తువులు ఉన్నదానికన్నా నాలుగో వంతు దగ్గరగా, మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి. "ఇంత పెద్ద చేప" అని వచ్చినవాడు చెప్తే ఆ మేరకి తగ్గించుకోండి.

మాస్క్ మసకేస్తే లోపల ఉమ్మి రుద్ది ఒకసారి జాడించండి. అసహ్యంగా ఉంటే బేబీ షాంపూ ఒక చుక్క.

ఇప్పుడు నా పిచ్చి విషయం. దయచేసి పగడాల మీద నిలబడొద్దు. రాయిలా కనిపిస్తుంది గానీ అది ప్రాణి, చిన్న చిన్న జీవులు వేల సంఖ్యలో కట్టుకున్న ఇల్లు. గుండ్రంగా బండలా పెరిగే రకాలు ఏడాదికి ఒక సెంటీమీటరు పెరిగితే గొప్ప. మీరు కాలు ఆనించి విరిచిన బెత్తెడు ముక్క మీ పాప వయసుదై ఉండొచ్చు. 2024లో సముద్రం వేడెక్కి థాయ్‌లాండ్‌లో చాలాచోట్ల పగడాలు తెల్లబడిపోయాయి, కొన్ని పార్కుల్లో స్నార్కెలింగ్ చోట్లు మూసేశారు కూడా. మిగిలినవాటి మీద మనం కాలు పెట్టకపోతే చాలు.

బ్రెడ్డు వేయడం కూడా అంతే. కొందరు పడవల వాళ్లు బ్రెడ్డు ముక్క వేసి పసుపు నలుపు చారల చేపల్ని గుంపుగా రప్పిస్తారు, పిల్లలు కేరింతలు కొడతారు. నేషనల్ పార్కులో చేపలకి తిండి వేయడం నిషేధం. పైగా ఆ చేపలు తర్వాత మనుషుల వేళ్లు కొరకడం నేర్చుకుంటాయి, నా వేలే సాక్షి.

సన్‌స్క్రీన్ చూసుకుని కొనండి. 2021 ఆగస్టు నుంచి అక్కడి నేషనల్ పార్కుల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఇంకో రెండు రసాయనాలున్న క్రీములు నిషేధం, జరిమానా లక్ష బాత్ దాకా వేయొచ్చు. జింక్ ఆక్సైడ్ ఉన్నది తీసుకోండి. అంతకన్నా మంచిది పొడుగు చేతుల స్విమ్ టీషర్టు. స్నార్కెలింగ్‌లో కాలేది ముఖం కాదు, వీపూ పిక్కలూ. రాత్రి బోర్లా పడుకోవాల్సి వస్తుంది.

మాయా బే విషయం: 2018 జూన్‌లో మూసి 2022 జనవరిలో తెరిచారు. ఇప్పుడు పడవ లోపలికి రానివ్వరు, ద్వీపం వెనక వైపు దిగి నడిచి వెళ్లాలి, ఈత లేదు, మోకాలి లోతు దాకానే. ఏటా ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో మూసేస్తారు. చూడటానికి అద్భుతమే గానీ స్నార్కెలింగ్ చోటు కాదు. ఫీ ఫీ వైపు వెళ్తే పార్క్ టికెట్ పెద్దలకి 400 బాత్, పిల్లలకి 200, టూర్ డబ్బులో కలిసి ఉందో లేదో అడగండి, చాలామంది విడిగా నగదు అడుగుతారు.

---

నిద్రపట్టదు

ఇంత చదివాక నాకు ట్రిప్ లేకపోయినా టెన్షన్ వచ్చేసింది. జెల్లీ ఫిష్ సంగతి ఎవరూ చెప్పలేదేం?

---

ఉప్పునీళ్లు

మీకు నిద్ర పట్టకపోవడానికి అదొక్కటే తక్కువైందా :) ఉంటాయి, వానాకాలంలో ఎక్కువ. థాయ్ బీచ్‌ల్లో చాలాచోట్ల స్తంభానికి వెనిగర్ సీసా పెట్టి ఉంటుంది, కుట్టినచోట అది పోయాలి, రుద్దకూడదు, మంచినీళ్లు పోయకూడదు. నన్ను ఇన్నిసార్లలో ఒక్కటీ కుట్టలేదు. కుట్టింది సీ అర్చిన్, నల్లటి ముళ్ల బంతి, లోతు తక్కువ రాళ్ల దగ్గర ఉంటుంది. నిలబడితేనే గుచ్చుకుంటుంది. పై ఆయన నిలబడొద్దన్నది పగడాల కోసమే కాదు, మన అరికాళ్ల కోసం కూడా.

వాంతుల సంగతి మర్చిపోయా. పడవ కదిలేటప్పుడు కన్నా, స్నార్కెలింగ్ కోసం ఆపి ఊగుతున్నప్పుడే ఎక్కువమందికి కడుపులో తిప్పుతుంది. డైమెన్‌హైడ్రినేట్ మాత్ర అక్కడి మందుల షాపుల్లో దొరుకుతుంది, బయల్దేరే గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే లాభం లేదు. నిద్ర మత్తుగా ఉంటుంది. పాపకి మాత్రం డోసు డాక్టర్ని అడిగే వేయండి. తిప్పినప్పుడు ఫోన్ చూడొద్దు, దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత చూడాలి.

అత్తగారి తిండికి "జే" అనే మాట గుర్తుపెట్టుకోండి. ఉత్త వెజిటేరియన్ అంటే చేప సాస్ పోసేస్తారు, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. "జే" అంటే అదీ ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు.

---

ఒడ్డునే_ఉంటా

వెళ్లొచ్చామండీ. చెప్పకుండా ఉండలేను, కాస్త పొడుగైనా భరించండి.

లాంగ్‌టెయిలే తీసుకున్నాం, పడవ మొత్తం మాకే, గైడ్ ఒక్కరు. ఉదయం ఎనిమిది లోపే బయల్దేరాం, పోడా చేరేసరికి మాతో కలిపి మూడు పడవలే ఉన్నాయి. మేం తిరిగి వస్తుంటే వరసలు కట్టి వస్తున్నాయి. కాబట్టి వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి.

మేం వెళ్లింది నవమి రోజు, ఇంట్లో చర్చలు జరిగాక. ఇసక దారి మోకాళ్ల లోతు నీళ్లలో ఉంది. మా ఆవిడ చీర కుచ్చిళ్లలా డ్రెస్ ఎత్తి పట్టుకుని నడిచింది, అనుకున్న ఫొటో రాలేదు, ఆ లెక్క నా ఖాతాలో ఉంది. కానీ నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి.

ఎవరూ చెప్పని విషయం ఒకటి: పొద్దున ఆవ్ నాంగ్‌లో నీళ్లు వెనక్కి వెళ్లి ఉంటే పడవ ఒడ్డు దాకా రాదు. తొడల దాకా నీళ్లలో నడిచి వెళ్లి నిచ్చెన ఎక్కాలి. నిచ్చెన మొదటి మెట్టు నీళ్లలో ఊగుతూ ఉంటుంది. అత్తగారిని నేనూ గైడూ చెరో వైపు పట్టుకుంటే, పడవాయన పైనుంచి రెండు చేతులూ అందించాడు. ఎక్కాక ఆవిడ అన్న మొదటి మాట "దిగేటప్పుడో?" దిగేటప్పుడూ అంతే. పోడాలో దిగారు, చికెన్ ఐలాండ్ దగ్గర పడవలోనే కూర్చున్నారు, చెవుల్లో దూదితో. పడవాయన పెద్ద గొడుగు తెరిచి పట్టుకుని పక్కన కూర్చున్నాడు. ఆయనకి తెలుగు రాదు, ఈవిడకి థాయ్ రాదు, అరగంట ఏం మాట్లాడుకున్నారో గానీ ఆయనకి ముగ్గురు కూతుళ్లని ఈవిడకి తెలిసింది.

నా సంగతి. పూల్‌లో రెండు సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని బుడగలు వదిలాను, పక్కన అయిదేళ్ల పిల్లలు డైవింగులు చేస్తుంటే. సముద్రంలో మొదటి నిమిషం అక్క చెప్పినట్టే, ఒళ్లు ఊపిరి బిగపట్టింది. కమ్మీ వదల్లేదు. నాలుగు లోపలికి, ఆరు బయటికి. కుదిరింది. తర్వాత రింగు పట్టుకుని గైడ్ లాగుతుంటే ఇరవై నిమిషాలు తిరిగాను. చూసినవన్నీ చెప్పను గానీ, విన్నది చెప్తా. నీళ్లలో నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నా. కాదు, పెనంలో ఏదో చిటపటలాడుతున్నట్టు ఆగకుండా శబ్దం, మధ్యమధ్యలో ఎవరో అప్పడం కొరికినట్టు కరకర. గైడ్ వేలితో చూపించాడు, నీలం ఆకుపచ్చ రంగు చేప ఒకటి ముక్కుతో రాయిని కొరుకుతోంది. ప్యారట్ ఫిష్. కొరికి, కొంచెం దూరం పోయి, వెనకనుంచి తెల్లటి ఇసక పొగలా వదిలింది. పైకొచ్చాక గైడ్ చెప్పాడు, ఇందాక బీచ్‌లో మీరు కూర్చున్న తెల్లటి ఇసకలో కొంత ఇలా వచ్చిందే అని. మా పాప ఆ రోజంతా ఇసక ముట్టుకోలేదు.

ఫ్రా నాంగ్ గుహలో స్థానిక జాలర్లు సముద్రంలోకి వెళ్లే ముందు మొక్కుకునే దేవత ఉంది. అక్కడ చెక్కతో చేసిన పెద్ద పెద్ద మొక్కుబడులు ఉంటాయి, ఏ ఆకారంలో ఉంటాయో వెళ్లినవాళ్లకి తెలుసు. నేనూ మా ఆవిడా అత్తగారి ముఖం ఎలా చూడాలా అని తెగ ఇబ్బంది పడుతుంటే, ఆవిడ చెప్పులు విప్పి, "లింగాలే కదరా" అని దణ్ణం పెట్టుకుని వచ్చేశారు.

భోజనం అక్కడే, ఒడ్డున ఆగిన పడవలే వంటిళ్లు. "జే" పనిచేసింది, మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది అంతే. కాంటాక్ట్ లెన్సుల్లో ఒకటి సముద్రుడికి సమర్పించాను, మిగతా రోజంతా ఒక కన్నుతోనే థాయ్‌లాండ్ చూశాను, స్పేర్ జత పట్టుకెళ్లండి.

మీసాలబాబు గారూ, నేను తీసేశాను. మా ఆవిడ ఇంకా నవ్వుతోంది.

---

మీసాలబాబు

ఫొటో పెట్టండి సార్. ముందు, తర్వాత.